నిండు గోదాము

ముందే చెప్తున్నాను, ఈ కథలో సైన్యం మన సైన్యం కాదు. మన సైన్యంలో ఇలాంటివి జరగవు. జరగవని నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. పోనీ పొరుగు దేశం సైన్యమా అంటే అదీ కాదు, వాళ్లతో మనకు ఇప్పటికే ఉన్న గొడవలు చాలు. ఏదో ఒక దేశం అనుకోండి. చుట్టూ కొండలు, కొండల మీద మంచు, ఆ మంచులో కాపలా కాసేవాళ్లలో కొందరు పాలకొండ వాళ్లు. అదేమిటయ్యా, వేరే దేశం సైన్యంలో పాలకొండ వాళ్లేమిటని అడక్కండి. మనవాళ్లు లేని చోటు ఎక్కడుంది? నేను మాత్రం లేనూ? నా పేరు బత్తుల యల్లమంద, ఊరు కనిగిరి దగ్గర. ఆ సైన్యం వారి సరఫరా డిపోలో సుబేదారుని. పప్పులు, కిరసనాయిలు, మేజోళ్లు, చలికి మంట వేసుకునే ఇనప బుఖారీలు, అన్నీ నా చేతుల మీదుగా పోవాలి. పోవాలి అన్నాను గానీ పోయేవని అనలేదు, గమనించారో లేదో.

సరఫరా శాఖ ఆఫీసరు బతుకు ఎలాంటిదో కాస్త చెప్పాలి. యుద్ధం గెలిస్తే పతకం ముందు నిలబడినవాడికి. ఓడితే విచారణ మా మీద. పెళ్లిలో వంటవాడి బతుకే అనుకోండి. భోజనం బాగుంటే పెళ్లికూతురు తండ్రిని పొగుడుతారు, పప్పు మాడితే మాత్రం వంటవాడు ఎక్కడయ్యా అని వెతుక్కుంటూ వస్తారు. అందుకని మా శాఖ వాళ్లకు ప్రమోషన్లు కూడా పైన ఎవరికైనా గుర్తొచ్చినప్పుడే వచ్చేవి. పైవాళ్ల జ్ఞాపకశక్తి సంగతి మీకు తెలియనిది కాదు.

అలాంటి రోజుల్లో ముఖ్య కార్యాలయంలో ఒక మేధావి పుట్టాడు. పాత యుద్ధాల చరిత్రలన్నీ తిరగేసి, ఓడిపోయిన ప్రతి సైన్యం గోదాములూ చివరి రోజున ఖాళీగా ఉన్నాయని కనిపెట్టాడు. గోదాములు ఖాళీ అయ్యాయి కాబట్టి ఓడిపోయారు. ఖాళీ కాకుండా చూసుకుంటే ఓడిపోయే ప్రశ్నే లేదు. ఇంత చిన్న విషయం ఇన్ని వందల ఏళ్లుగా ఏ సేనాపతికీ తట్టలేదని అందరూ ముక్కున వేలేసుకున్నారు. వెంటనే 'భండార సంపూర్ణతా విధానం' అని ఒకటి పుట్టుకొచ్చింది. ఇక నుంచి సరఫరా శాఖలో ఎవరు పైకి వెళ్లాలన్నది ఒకే ఒక్క లెక్క మీద తేలుతుంది. గోదాము ఎంత నిండుగా ఉంది? నిండుగా ఉంటే ఆఫీసరు సమర్థుడు. ఖాళీగా ఉంటే ఓటమికి బాధ్యుడు, యుద్ధం రాకపోయినా సరే.

ఆ విధానం వచ్చిన ఏడాదే మా డిపోకి కెప్టెన్ విశ్వంభరం గారు వచ్చారు. ఇంటిపేరు తాడేపల్లి, మనిషి బక్కపలచన, కళ్లజోడు, మర్యాదస్తుడు. నన్ను 'యల్లమంద గారూ' అని పిలిచిన మొదటి ఆఫీసరు ఆయనే. అప్పటిదాకా డిపోని చూసుకున్న మేజర్ నరోత్తం గారు ప్రమోషన్ మీద వెళ్లిపోతూ, తాళాలు చేతిలో పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పారు.

"చూడు విశ్వంభరం, సామాను ఇవ్వడం ఏముంది, ఎవడైనా ఇస్తాడు. ఇవ్వకుండా ఉండటానికే చదువు కావాలి. నేను నాలుగేళ్లు ఇక్కడున్నాను. ఒక్క దుప్పటి బయటికి పోనివ్వలేదు. రేపు లెఫ్టినెంట్ కల్నల్‌ని అవుతున్నాను."

"మరి చలికి జవాన్లు ఏం కప్పుకున్నారు సార్?" అని అడిగారు విశ్వంభరం గారు.

"అది వేరే శాఖ" అన్నారు నరోత్తం గారు.

విశ్వంభరం గారు కొత్త కదా, మొదటి నెలలోనే తప్పు చేసేశారు. ఎవరో వచ్చి దుప్పట్లు లేవంటే ఇచ్చేశారు! ఏడాది చివర ఆయన గురించి పైకి వెళ్లిన నివేదికలో ఒకే ముక్క రాశారు. 'ఉదార స్వభావి. ఉన్నత బాధ్యతలకు తగడు.' ఆ ముక్క చదివిన రోజున ఆయన భోజనం చేయలేదు. మూడు తరాలుగా బడిపంతుళ్ల ఇల్లు వాళ్లది, అందులో మొదటిసారి ఒకడు ఆఫీసరయ్యాడు. కల్నల్ అయ్యాక పట్నంలో క్వార్టర్సు ఇస్తారని భార్య హైమావతి గారికి మాట కూడా ఇచ్చారట. ఇక ఆ మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు.

మా దగ్గర పాతకాలం నుంచీ ఒక ఆచారం ఉంది. పాత వస్తువు అప్పగిస్తేనే కొత్తది ఇస్తారు. చిరిగిన మేజోళ్లు తెస్తే కొత్త మేజోళ్లు, సొట్టపోయిన గిన్నె తెస్తే కొత్త గిన్నె. మంచి ఆచారమే. విశ్వంభరం గారు దాన్ని సాన పట్టారు. టోపీ గాలికి కొట్టుకుపోయింది సార్ అని ఒకడు వస్తే, గాలి దగ్గర రసీదు తెమ్మన్నారు. బూటు ఏట్లో జారిపోయిందని ఇంకొకడు వస్తే, ఒక బూటు పోయినట్టు రెండో బూటు చేత చెప్పించమన్నారు. చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, అక్కడ నిలబడిన జవానుకి ఏం నవ్వొస్తుంది? వట్టి కాలితో వచ్చినవాడు వట్టి కాలితోనే పోయేవాడు. గోదాము మాత్రం కడుపుతో ఉన్న మనిషిలా నిండుగా ఉండేది. చూస్తూ చూస్తూ ఆయన మేజరయ్యారు.

ఆ ఊపులో ఉండగా తనిఖీకి బ్రిగేడియర్ గారు వచ్చారు. చేతిలో వెండి పొన్ను కర్ర, నోట్లో గ్రాంథికం. ఆయన మామూలుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మంచినీళ్లు కావాలన్నా 'జలము యొక్క ఆవశ్యకత ఏర్పడినది' అనేవారు. గోధుమ బస్తాల దగ్గర ఆగి కర్రతో ఒక బస్తాని పొడిచారు. బస్తా కూలబడిపోయింది. లోపల సగం గోధుమలే ఉన్నాయి, సగం ఎలుకలు లాగించేశాయి.

"మేజర్, సంపూర్ణతకు భంగము వాటిల్లినది" అన్నారు బ్రిగేడియర్ గారు.

విశ్వంభరం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు జాలేసింది. నోరు ఊరుకోదుగా మనది, ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాను.

"సార్, గోధుమలు ఎక్కడికీ పోలేదు సార్. గోధుమలు ఎలుకల్లో ఉన్నాయి. ఎలుకలు గోదాములోనే ఉన్నాయి."

బ్రిగేడియర్ గారు చాలాసేపు ఆలోచించారు. ఆలోచిస్తున్నప్పుడు కర్రని గడ్డం కింద పెట్టుకునే అలవాటు ఆయనది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం పక్కన ఉన్న గుమాస్తాని పిలిచి అక్కడికక్కడే తీర్పు చెప్పి రాయించారు.

"గోదాము ప్రహరీ లోపల జరుగు భక్షణమును వినియోగముగా పరిగణింపరాదు. అది సామాను యొక్క అంతర్గత స్థలమార్పిడి మాత్రమే. నిల్వ యథాతథముగా ఉన్నట్లు భావింపవలెను."

ఆ రోజు నుంచి మా డిపోలో ఎలుకలకు ఎదురులేదు. పిల్లిని మాత్రం బయటికి పంపించేశారు. ఎలుకను నోట కరుచుకుని గోడ దూకుతోందని దాని మీద అభియోగం.

ఇంతవరకూ జరిగిందంతా ఒక ఎత్తు. ఆ ఏడు చలికాలం ముందు ఒక రోజు తెల్లకొండ పోస్టు నుంచి ఫోను వచ్చింది. తెల్లకొండ మా డిపోకి పైన, కనుమ దాటాక ఉంటుంది. మంచు పడితే ఆ కనుమ మూసుకుపోతుంది, మళ్లీ ఎండాకాలం దాకా మనిషి ఎక్కడు, దిగడు. ఫోను చేసినవాడు నాయక్ గొర్లె దాలినాయుడు, పాలకొండ వాడు. సిసలైన కాపలా మనిషి. భార్య నెలలు నిండి ఉంటే సెలవు వదులుకుని పోస్టులోనే ఉండిపోయాడు, బదులు కాసేవాడు లేడని.

"యల్లమంద బాబూ, ఇక్కడ శానా ఇదిగా ఉందండి" అన్నాడు. "బుకారీలు పగిలిపోనాయి. కిరసనాయిలు అడుగంటీసినాది. మేజోళ్లు సాలక వొంతులేసుకుంతన్నాం, ఒకలు ఏసుకుంతే ఇంకొకలు గోనిసంచీలో కాళ్లెట్టుకుని తొంగుంతన్నారు. మంచు పడిపోనాదంటే మరింక మా పని సరే. ఈలోగా పంపించీయండి బాబూ."

ఫోను పెట్టేసి విశ్వంభరం గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. ఆ నెలలోనే లెఫ్టినెంట్ కల్నల్ ప్రమోషన్ల జాబితా తయారవుతోంది.

"యల్లమంద గారూ, ఇస్తే నా పని అయిపోతుంది. ఇవ్వకపోతే వాళ్ల పని అయిపోతుంది" అన్నారు.

"అవును సార్."

"రెండింట్లో నాకు నా పనే ముందు గుర్తొస్తోంది. సిగ్గుగానే ఉంది. అయినా అదే గుర్తొస్తోంది."

అబద్ధం చెప్పకుండా ఆ మాట అన్నందుకు ఆ క్షణంలో ఆయన మీద నాకు కోపం రాలేదు. కానీ గోనెసంచిలో కాళ్లు పెట్టుకుని పడుకున్న మనుషులు కళ్లముందు కదులుతుంటే ఎలా ఊరుకుంటాం? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు ఆయన టీ తాగుతుంటే వెళ్లి అడిగాను.

"సార్, ఎలుకలకు ఇచ్చిన తీర్పు జవాన్లకు వర్తించదంటారా?"

"అంటే?"

"గోదాము ప్రహరీ లోపల తింటే అది తిన్నట్టు కాదు కదా. తెల్లకొండ పోస్టుని మన గోదాములో కలిపేస్తే సరి. అప్పుడు బుఖారీలు పైకి పంపినా బయటికి పోయినట్టు కాదు. స్థలమార్పిడి."

విశ్వంభరం గారు టీ కప్పు కింద పెట్టి నన్ను కావలించుకున్నంత పని చేశారు. బ్రిగేడియర్ గారికి ఫోను చేస్తే, ఆయన అవతల కర్ర గడ్డం కింద పెట్టుకున్నట్టున్నారు. చివరికి పలికారు.

"ఎలుకలకు లభించిన సౌకర్యము జవాన్లకు నిరాకరించుట భావ్యము కాదు. అయితే సదరు పోస్టు అన్ని విధముల గోదాము వలె ఉండవలెను."

అన్ని విధాలా అంటే మామూలు మాట కాదు. ముందు బోర్డు పెట్టాలి. 'ఏడో నంబరు సరఫరా గోదాము, తెల్లకొండ విభాగం' అని బోర్డు రాయించి పంపాం. దారి పొడవునా రాళ్లకు సున్నం కొట్టాలి. మంచులో తెల్లరాళ్లు కనబడవు కదా సార్ అంటే, నియమంలో కనబడాలని లేదు, కొట్టాలనే ఉంది అన్నారు విశ్వంభరం గారు. కొట్టారు. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. గోదాములో నిప్పు నిషేధం. సిగరెట్టు కాల్చకూడదు, అగ్గిపెట్టె గేటు దగ్గర ఇచ్చేసి లోపలికి వెళ్లాలి. మరి బుఖారీ ఎలా వెలిగిస్తారు? బుఖారీలు పంపి, వెలిగించొద్దని చెప్పి, చలిలో కూర్చోబెట్టమంటారా?

ఈసారి ఉపాయం విశ్వంభరం గారిదే. ఏ గోదాములోనైనా నిప్పు ఆర్పే సాధన చేయించాలని నియమం ఉంది. ఆర్పాలంటే ముందు వెలిగించాలి కదా. అందుకని తెల్లకొండలో నిప్పు ఆర్పే సాధన మొదలైనట్టు ఉత్తర్వు వేశారు. మొదటి భాగం, నిప్పు వెలిగించుట, తక్షణమే అమలు. రెండో భాగం, ఆర్పుట, కనుమ తెరుచుకున్నాక.

మంచు పడే ముందు రోజు మా ఆఖరి లారీ కనుమ దాటింది. ఆ సాయంత్రం దాలినాయుడు ఫోను చేశాడు. వెనకాల జవాన్లు కేరింతలు కొడుతున్నారు.

"బాబూ, మీ కడుపు సల్లగుండ. కాళ్లు ఎచ్చబడ్డాయి. ఈ యేడు బతికీసినాం" అన్నాడు.

నాకు కళ్లు చెమర్చాయి. విశ్వంభరం గారు కూడా మొహం అటు తిప్పుకున్నారు. ఇక్కడితో కథ ఆపేస్తే ఎంత బాగుండేది! ఆపనిచ్చారా?

చలికాలం మధ్యలో బ్రిగేడియర్ గారు నిల్వ తనిఖీ చేస్తానని హెలికాప్టర్లో తెల్లకొండ వెళ్లారు. పప్పు డబ్బాలు సగం ఖాళీ. పప్పు జవాన్లలో ఉంది కాబట్టి అభ్యంతరం లేదు. కానీ ఉందో లేదో ధ్రువపరచాలి కదా? అందుకని వెంట ఒక కాటా తీసుకెళ్లారు. జవాన్లని ఒక్కొక్కణ్ణీ ఎక్కించి తూచారు. పని లేక, మంచులో తిరగలేక, బుఖారీ పక్కన కూర్చుని పప్పూ పూరీలూ తింటున్నవాళ్లు బాగా ఒళ్లు చేశారు. మొత్తం కూడితే, పంపిన పప్పు కంటే ఎక్కువ బరువు తేలింది! ఇచ్చిన దానికంటే నిల్వ పెరగడం సరఫరా శాఖ చరిత్రలో అదే మొదలు. బ్రిగేడియర్ గారు మంచులోనే నిలబడి కొత్త పదం ఒకటి సృష్టించారు. జవాన్లు ఇక 'సజీవ నిల్వ'. పప్పు లోపల, జవాను బయట కాబట్టి వాళ్లు ఒక రకంగా డబ్బాలు.

విశ్వంభరం గారు లెఫ్టినెంట్ కల్నల్ అయ్యారు. సభలు పెట్టి ఆయన చేత ఉపన్యాసాలు ఇప్పించారు. మిగతా డిపోల వాళ్లు ఊరుకుంటారా? ఎవరి చుట్టుపక్కల ఉన్న దళాలని వాళ్లు తమ గోదాముల్లో కలుపుకున్నారు. ముందు పదాతి దళం పోయింది, ఆ వెనకే ఫిరంగులవాళ్లు, ఆఖరికి బ్యాండు మేళం కూడా. వసంతం వచ్చేసరికి సైన్యంలో గోదాము బయట ఒక్క మనిషి లేడు. శత్రు సైనికులు ఇద్దరు దారి తప్పి తెల్లకొండ వస్తే, వాళ్లనీ కాటా ఎక్కించి రాబడి కింద రాసుకున్నారు. సంపూర్ణత మరికాస్త పెరిగింది.

కనుమ తెరుచుకుంది. దాలినాయుడు ఫోను చేశాడు. గొంతులో ఉత్సాహం చూడాలి!

"బాబూ, మా ఇంట్లో ఆడగుంట పుట్టీసినాది. అప్పుడే ఆరోనెల ఎల్లిపోనాది. నాను ఇంకా మొకం సూడనేదు. రెండేల్ల సెలవు మిగిలుంది నాకు. లారీ ఎక్కి దిగిపోతానండి."

నేను పరిగెత్తుకెళ్లి విశ్వంభరం గారికి చెప్పాను. మంచి కబురే కదా, సంతకం పెట్టేస్తారనుకున్నాను. ఆయన కలం తీసి, మళ్లీ మూత పెట్టేశారు.

"యల్లమంద గారూ, దాలినాయుడు నిల్వలో ఉన్నాడు. గేటు దాటితే ఒక మనిషి బరువు సంపూర్ణత తగ్గిపోతుంది. వచ్చే నెల కల్నల్ జాబితా."

"సార్, బిడ్డని చూసుకోవడానికి సార్!"

"నాకు తెలీదా? నాకూ పిల్లలున్నారు." ఆయన గొంతు పెరిగింది. "బ్రిగేడియర్ గారిని అడుగుతాను. అంతకంటే నేనేం చేయను?"

అడిగారు. బ్రిగేడియర్ గారు కరుణామయులు, కాదనలేదు. పాతది అప్పగిస్తేనే కొత్తది అన్న ఆచారం ఉంది కాబట్టి, అంతే బరువున్న ఇంకొక జవానుని అప్పగించి దాలినాయుడు పోవచ్చన్నారు. ఇంకొక జవాను ఎక్కడున్నాడు? అందరూ ఏదో ఒక గోదాములో నిల్వే. ఏ డిపో వాడు తన నిల్వ మనకిచ్చి తన ప్రమోషన్ పోగొట్టుకుంటాడు? ఎక్కడికి ఫోను చేసినా ఒకటే మాట, ఇక్కడ జవాన్లు నిండుగా ఉన్నారు గానీ ఇవ్వడానికి లేరు అని.

ఆ మాట దాలినాయుడికి చెప్పాల్సి వచ్చింది.

"అదేటి బాబూ, నాను మనిసిని కదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక, నా మీదే మండింది. ఆ రాత్రి నియమావళి ముందు పెట్టుకుని అటూ ఇటూ తిరగేశాను. గోదాము నుంచి సామాను బయటికి పోయే దారి ఇంకొకటి ఉంది. విరిగిపోయిన మంచాలు, బూజు పట్టిన గుడారాలు వగైరాలను ఆఫీసర్ల బోర్డు ఒకటి చూసి, పనికిరావని తేల్చి, వేలం వేస్తుంది. పనికిరాని సామాను లెక్కలోంచే తీసేస్తారు కాబట్టి సంపూర్ణత తగ్గదు. అయితే ఒకటే షరతు. పనికిరాదని రుజువు కావాలి.

విశ్వంభరం గారికి చెబితే వెంటనే ఒప్పుకున్నారు. దాలినాయుడి మీద జాలే గానీ పగ లేదు కదా ఆయనకి. దాలినాయుడిని డిపోకి దింపించాం. అదీ గోదాములో ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి స్థలమార్పిడే. బోర్డులో బ్రిగేడియర్ గారు, విశ్వంభరం గారు, ఒక డాక్టరు గారు కూర్చున్నారు. డాక్టరు గారు దాలినాయుడిని ముందూ వెనకా తట్టి చూసి, "ఏ లోపమూ లేదు. ఇంకా ఇరవై ఏళ్లు పనిచేస్తాడు" అన్నారు. దాలినాయుడి మొహం వాడిపోయింది.

బ్రిగేడియర్ గారు ఆచారం కొద్దీ ప్రశ్నించారు.

"నీ యొక్క దైనందిన విధి ఏమి?"

"కాపలా కాత్తానండి."

"కాపలా సమయమున మరేమైనా చేయుదువా?"

"ఆలోచిత్తానండి."

గదిలో అందరూ బిగుసుకుపోయారు. బ్రిగేడియర్ గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"దేనిని గూర్చి?"

"ఏటంటే బాబూ, గోదాము నిండా ఇన్ని సామాన్లు ఉన్నాయి కదా. మాకు పెట్టరు, మాము సామాన్లమైపోతేనే గానీ పెట్టరు. మరైతే ఇయన్నీ ఎవురి కోసం దాసినట్టని ఆలోచిత్తాను. ఎంత ఆలోచించినా తెలీదండి. అయినా ఆలోచిత్తానే ఉంతాను."

బ్రిగేడియర్ గారు కలం కింద పెట్టేశారు. డాక్టరు గారు దాలినాయుడి నుంచి కాస్త దూరంగా జరిగారు. గుమాస్తా చేత రాయించిన తీర్పు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"సదరు నిల్వయందు ఆలోచన అను లోపము బయల్పడినది. మరమ్మతుకు అవకాశము లేదు. ఇతర నిల్వకు అంటుకొనకముందే తొలగింపవలెను."

వేలానికి రోజు పెట్టారు. ఈలోగా విశ్వంభరం గారికి కల్నల్ ప్రమోషన్ వచ్చింది, ముఖ్య కార్యాలయంలో పెద్ద కుర్చీ ఇచ్చారు. పట్నంలో హైమావతి గారు కిటికీలకు కర్టెన్లు కూడా కొనేశారు. ఈయన పెట్టె సర్దుకుని గేటు దగ్గరికి వెళితే, కావలివాడు చెయ్యి అడ్డం పెట్టాడు. సజీవ నిల్వ విధానం డిపో సిబ్బందికి కూడా వర్తిస్తుందని అప్పుడే ఉత్తర్వు వచ్చింది. బ్రిగేడియర్ గారికి ఫోను చేస్తే ఎంతో గౌరవంగా మాట్లాడారు.

"కల్నల్, సదరు డిపోలో మీరు మిక్కిలి విలువైన నిల్వ. మీరు వెడలిన యెడల సంపూర్ణత కుప్పకూలును. కుర్చీ లోపలికి వచ్చుటకు అభ్యంతరము లేదు. మీరు బయటికి పోరాదు."

మర్నాడు కుర్చీ లారీలో వచ్చింది. మంచి తోలు కుర్చీ. దాన్ని ఆయన గదిలో వేయించాను. ఆయన అందులో కూర్చుని గోడ వైపు చూస్తుండిపోయారు.

వేలం రోజున దాలినాయుడి భార్య పైడితల్లి వచ్చింది. పాలకొండ నుంచి బస్సులు, రైళ్లు మారి, చంకలో బిడ్డతో ఎలా వచ్చిందో ఏమో. మా డిపో వేలాలకి ఎప్పుడూ వచ్చే పాత సామాన్ల వ్యాపారి ఒకడున్నాడు, అతనూ వచ్చాడు. విరిగిన మంచాలు, తుప్పు బకెట్లు అయ్యాక దాలినాయుడిని తెచ్చి బల్ల పక్కన నిలబెట్టారు. కాలరుకి చీటీ కట్టి ఉంది. పైడితల్లి అతన్ని చూసి ఏడవలేదు. బిడ్డని పైకెత్తి చూపించింది. దాలినాయుడు నవ్వబోయి, వేలంలో సామాను నవ్వొచ్చో లేదో తెలియక నా వైపు చూశాడు. నవ్వమని తలూపాను.

వ్యాపారి ఒక పాట పాడాడు. పైడితల్లి అతనికంటే పైన పాడింది. అతను మళ్లీ పెంచాడు. ఆమె మళ్లీ పైన పాడింది. వ్యాపారి దాలినాయుడి చుట్టూ ఒకసారి తిరిగి, చొక్కా బొత్తాన్ని గోటితో గీకాడు.

"ఇవి ఇత్తడివి కావా?"

"కాదు, ప్లాస్టిక్" అన్నాను.

"మరింకెందుకు?" అని అతను బకెట్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

వేలం గుమాస్తా షరతులు చదివాడు. సామాను ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, తీసుకున్నాక ఫిర్యాదులు చెల్లవు, లోపాలకు డిపో వారి బాధ్యత లేదు.

"పిరియాదులేటుంతాయి బాబూ, నాకు తెలిసిన మనిసే" అంది పైడితల్లి.

ముగ్గురూ గేటు దగ్గరికి వెళ్లారు. నేను సాగనంపడానికి వెంట నడిచాను, గేటు గీత దాకానే. దాలినాయుడు బిడ్డని ఎత్తుకుని ముద్దులు పెడుతున్నాడు, ఆ పిల్ల అతని మీసం పట్టుకుని వదలడం లేదు. కావలివాడు గేటు పాసు పుస్తకం తెరిచి మామూలుగా అడిగాడు.

"ఏం తీసుకెళ్తున్నారమ్మా?"

"నా పెనిమిటిని."

"అలా రాయడానికి కుదరదమ్మా. సామాను పేరు చెప్పాలి. ఇందులో మనిషి అని రాసే చోటు లేదు."

పైడితల్లి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. వాడి తప్పేముంది, వాడూ నిల్వే.

"అలగైతే సామానే రాసీయండి బాబూ" అంది. "ఇంటికెల్నాక మనిసిని నాను సేసుకుంతాను."

కావలివాడు రాశాడు. గేటు తీశాడు. వాళ్లు రోడ్డు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. వెనక్కి తిరిగితే కల్నల్ విశ్వంభరం గారు గది కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో ఏమో. నన్ను చెయ్యి ఊపి పిలిచారు. దగ్గరికి వెళితే గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మాట్లాడారు.

"యల్లమంద గారూ, బోర్డు వాళ్లకి దరఖాస్తు పెట్టుకోవాలంటే ఎలా? ఈ మధ్య నాక్కూడా ఆలోచనలు వస్తున్నాయి."

పాపం అనిపించింది. కానీ అబద్ధం చెప్పి ఆశ పెట్టడం ఎందుకు?

"లాభం లేదు సార్" అన్నాను. "మీరు కల్నల్. మీకు ఆలోచన వచ్చిందంటే బోర్డు నమ్మదు."